కారు ‘మిస్’ కొడుతోందా?

ఎత్తెక్కేటప్పుడు ఊగిపోతుంది... చదును రోడ్డు మీద బుద్ధిగా పరుగెడుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది! పెట్రోలు కార్ల యజమానుల్ని ఇలా ఆటపట్టించే లోపాల్లో ఇగ్నిషన్ కాయిల్‌ది ముందు వరస. గుప్పిట్లో పట్టే ఆ భాగాన్ని మార్చడం పదిహేను నిమిషాల పని. అది నిజంగా పోయిందో లేదో తేల్చడమే అసలు విద్య.

కొత్త కారు కొన్న విశాఖవాసి షోరూం నుంచి నేరుగా ఇంటికి వెళ్లడు. ఆశీల్‌మెట్టలోని సంపత్ వినాయకుడి గుడి ముందు ఆపుతాడు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు... పూజయ్యాకే తొలి ప్రయాణం. ఆ తర్వాత నాలుగైదేళ్లు కారు గురించి పెద్దగా ఆలోచించే పనే ఉండదు. వేళకి ఆయిలు మార్చడం, టైర్లలో గాలి చూసుకోవడం, ఆదివారం పూట రెండు బకెట్ల నీళ్లు. అంతే!

చిక్కంతా ఆ తర్వాతే. ఓ సెలవు రోజు ఇంటిల్లిపాదీ అరకు బయల్దేరారనుకోండి. శృంగవరపుకోట దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. అనంతగిరి ఘాట్ మొదలైన కాసేపటికి ఇంజిన్ ఒక్కసారి తడబడుతుంది. ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఓ కుదుపు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కారు ముందుకెళ్లకపోగా ఇంకా ఊగుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం టపటపా కొట్టుకుంటుంది. వెనకాల బస్సు హారన్. పక్కన లోయ. చాలా మలుపుల్లో సెల్ సిగ్నల్ కూడా ఉండదు. పిల్లలు ‘ఏమైంది నాన్నా’ అంటుంటారు. ఆ నాన్నకీ తెలియదు!

విచిత్రమేమిటంటే ఎలాగోలా వెనక్కి తిప్పి కొండ దిగితే కారు మామూలుగానే నడుస్తుంది. మర్నాడు ఉదయం మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్తే ఇంజిన్ చల్లగా, హాయిగా తిరుగుతుంది. ‘ఏటైంది గురూ, బాగానే ఉంది కదా’ అంటాడు మెకానిక్. అతను అబద్ధం చెప్పడం లేదు. మీరూ చెప్పడం లేదు. ఈ తిరకాసు ఎక్కడుందో తెలియాలంటే బోనెట్ కింద పుట్టే బుల్లి మెరుపు సంగతి కాస్త తెలుసుకోవాలి.

పన్నెండు వోల్టులు... ముప్పై వేలు!

కారు బ్యాటరీ ఇచ్చేది పన్నెండు వోల్టులే. స్పార్క్ ప్లగ్ కొనల మధ్య ఉండే మిల్లీమీటరు ఖాళీలో నిప్పురవ్వ దూకాలంటే అది ఏమూలకీ చాలదు. వేల వోల్టులు కావాలి. ఆ పని చేసిపెట్టేదే ఇగ్నిషన్ కాయిల్. ఇనుప కడ్డీ చుట్టూ లావుపాటి రాగితీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుకంత సన్నని తీగ వేల చుట్లు. మొదటి తీగలోకి రెండు మూడు మిల్లీసెకన్ల పాటు కరెంటు పంపి ఠక్కున ఆపేస్తారు. ఆపిన ఆ క్షణంలో రెండో తీగలో ఇరవై వేల నుంచి నలభై వేల వోల్టుల దాకా పుట్టుకొస్తుంది. ఇంట్లో పెద్ద మోటారు స్విచ్ ఆపేటప్పుడు లోపల చిటుక్కున మెరవడం చూసే ఉంటారు. ఆ చిటుకు వెనక ఉన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

సూత్రం మైకేల్ ఫారడేది, 1831 నాటిది. దాన్ని దూరదూరాలకు నిప్పురవ్వలు దూకించే పరికరంగా తీర్చిదిద్ది, 1864లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ప్రకటించిన యాభై వేల ఫ్రాంకుల బహుమతి అందుకున్నవాడు హైన్‌రిక్ రూమ్‌కార్ఫ్. కార్లలోకి నమ్మకమైన బ్యాటరీ ఇగ్నిషన్ తెచ్చిన ఘనత అమెరికా ఇంజినీర్ చార్లెస్ కెటరింగ్‌ది. 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్లకు దాన్ని అమర్చాడు. డేటన్ ఇంజినీరింగ్ ల్యాబొరేటరీస్ కంపెనీ అన్న అతని సంస్థ పేరును కుదిస్తే ‘డెల్కో’. మన పాత మెకానిక్కులు డిస్ట్రిబ్యూటర్‌ని డెల్కో అంటారే... ఆ మాట అక్కణ్నుంచి వచ్చిందే!

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాళ్ల మారుతి 800... వీటిలో డబ్బాలాంటి కాయిల్ ఒక్కటే ఉండేది. అందులో పుట్టిన కరెంటును డెల్కో ప్లగ్గులన్నింటికీ వంతులవారీగా పంచేది. కాయిల్ పోతే బండి కదిలేదే కాదు. రోడ్డు పక్కన ఆగిపోవడమే! అందులో ఓ సుఖం ఉంది. రోగం ఏమిటో వెంటనే తెలిసిపోయేది. ప్లగ్గు విప్పి, ఇంజిన్‌కి ఆనించి, సెల్ఫ్ కొట్టిస్తే ‘కరెంటు’ వస్తోందో లేదో కుర్రాడు కూడా చెప్పేవాడు.

ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి డెల్కో లేదు, పొడవాటి ప్లగ్ వైర్లూ లేవు. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కాయిల్. అది నేరుగా ప్లగ్గు నెత్తి మీదే కూర్చుంటుంది. మూడు సిలిండర్ల కారుకి మూడు, నాలుగింటికి నాలుగు. ఎప్పుడు మెరవాలో కంప్యూటర్ చెబుతుంది. ఒక కాయిల్ నీరసిస్తే మిగతావి బండిని లాక్కొస్తాయి. కారు ఆగదు, అలాగని సరిగ్గా నడవదు. ఈ సగంసగం రోగమే యజమానిని తప్పుదారి పట్టిస్తుంది.

ఘాట్‌లోనే ఎందుకు?

మామూలు గాలిలో మిల్లీమీటరు ఖాళీని దాటడానికి మూడు వేల వోల్టులు సరిపోతాయి. సిలిండర్ లోపల గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం గట్టిగా నొక్కుకుపోయి ఉంటుంది. ఎంత గట్టిగా నొక్కితే రవ్వ దూకడం అంత కష్టం. అక్కడ అదే ఖాళీకి పదివేల వోల్టులు దాటి కావాలి. ఎత్తెక్కేటప్పుడు యాక్సిలరేటర్ నిండా తొక్కుతాం. అప్పుడు సిలిండర్‌లోకి ఇంకా ఎక్కువ గాలి దూరుతుంది, నొక్కుడు ఇంకా పెరుగుతుంది. కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజి ఇవ్వాలి. ఆరోగ్యంగా ఉన్న కాయిల్ ఇస్తుంది. లోపలి పూత బీటలు వారిన కాయిల్‌లో మాత్రం కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఆ బీటలోంచో, రబ్బరు తొడుగు పగులులోంచో పక్కనున్న ఇనుము మీదికి దూకేస్తుంది. సిలిండర్‌లో మెరుపు ఉండదు. ఇంజిన్ మిస్ కొడుతుంది.

దీనికి వేడి తోడవుతుంది. కాయిల్ కూర్చునేది ఇంజిన్ తల మీద. కొండెక్కుతున్న బండిలో ఆ చోటు మరింత కాగుతుంది. వేడికి బీట తెరుచుకుంటుంది, చల్లారాక మూసుకుంటుంది. ఉదయాన్నే చల్లటి ఇంజిన్‌తో షెడ్డుకెళ్తే ‘బాగానే ఉంది కదా’ అనిపించడానికి కారణం ఇదే. ప్లగ్గు విప్పి బయట మెరిపించి చూసే పాత పరీక్ష కూడా అందుకే మోసం చేస్తుంది. బయటి గాలిలో చక్కగా మెరిసిన ప్లగ్గు లోపల నొక్కుడుకి చప్పబడిపోవచ్చు.

కాయిల్ చేసే చాకిరీ తక్కువదేమీ కాదు. ఇంజిన్ నిమిషానికి రెండువేల చుట్లు తిరిగితే ఒక్కో కాయిల్ వెయ్యిసార్లు మెరవాలి. విశాఖ నుంచి అరకుకి మూడు గంటల ప్రయాణమనుకున్నా... ఒక్కో కాయిల్‌కి దాదాపు లక్షా ఎనభై వేల మెరుపులు! తిరుగు ప్రయాణం లెక్క వేరే.

సముద్రపు గాలి... ఎలుకల పళ్లు

కాయిల్ దానంతటది పోవడం కంటే దాన్ని మరొకటి చంపడమే ఎక్కువ. మొదటి ముద్దాయి అరిగిపోయిన స్పార్క్ ప్లగ్. కొనలు అరిగేకొద్దీ ఖాళీ పెరుగుతుంది. ఖాళీ పెరిగితే కాయిల్ ప్రతిసారీ ఎక్కువ వోల్టేజి పుట్టించాలి. వందల రూపాయల ప్లగ్గుని సమయానికి మార్చకపోతే వేల రూపాయల కాయిల్ బలైపోతుంది. సీఎన్‌జీ మీద నడిచే కార్లలో ఈ భారం ఇంకాస్త ఎక్కువ. ఆ ఇంధనాన్ని వెలిగించడానికి పెట్రోలు కంటే బలమైన మెరుపు కావాలి మరి.

రెండోది ఆయిలు. టాపెట్ కవర్ కింది ప్యాకింగ్ గట్టిపడితే ఇంజిన్ ఆయిలు మెల్లగా ప్లగ్గు గుంతల్లోకి దిగుతుంది. అందులో నానిన రబ్బరు తొడుగు ఉబ్బి మెత్తబడిపోతుంది. ప్యాకింగ్ మార్చకుండా కాయిల్ మాత్రం మారిస్తే కొన్నాళ్లకి మళ్లీ అదే కథ.

మూడోది నీళ్లు. విశాఖ లాంటి ఊళ్లో దీని గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి. ఏడాది పొడవునా గాలిలో చెమ్మ, అందులో ఉప్పు. బీచ్ రోడ్డు వైపు, పోర్టు పరిసరాల్లో నిలిపి ఉంచే కార్ల కనెక్టర్ల లోపల పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. కరెంటు సరిగ్గా అందక కాయిల్ మూగబోతుంది. కాయిల్ మాత్రం బాగానే ఉంటుంది! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊపేసినప్పటి లాంటి రోజుల్లో వాహనాల వైరింగులోకి నీరు చేరడం సరే... దానికి ఎవరూ ఏమీ చేయలేరు. ఏ తుపానూ లేకుండానే మనంతట మనం తెచ్చిపెట్టుకునే వరద ఒకటుంది. వాటర్ సర్వీసింగ్‌లో బోనెట్ ఎత్తి, ఇంజిన్ మీదికి జోరుగా నీళ్లు కొట్టించడం! ఇంజిన్ తళతళలాడుతుంది, ప్లగ్గు గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. ‘నిన్ననే సర్వీసింగ్ చేయించా, ఇవాళ మిస్ కొడుతోంది’ అంటూ వచ్చే కార్లకి ముందు గుంతలు ఆరబెట్టి చూడాలి. కొత్త కాయిల్ మాట తర్వాత.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వారం రోజులు కదలకుండా ఉన్న కారు బోనెట్ కింద వెచ్చగా, చీకటిగా ఉంటుంది. ఎలుకకి అంతకంటే మంచి ఇల్లు దొరకదు. కొరకడానికి వైర్లు కూడా సిద్ధం. తొలి పూజ వినాయకుడికి చేసినా ఆయన వాహనానికి మన వాహనం మీద ఏమంత దయ ఉండదు!

ముందు పరీక్ష... తర్వాతే కొనుగోలు

గాజువాక ఆటోనగర్‌లోనే కాదు, ఏ ఊరి షెడ్డులోనైనా మిస్ కొట్టే కారు వస్తే రెండు రకాల వైద్యం కనిపిస్తుంది. ఒకటి ఊహ మీద నడిచేది. ‘కాయిల్ పోయుంటుంది సార్, మార్చేద్దాం’. మార్చినా తగ్గకపోతే ‘అయితే ప్లగ్గులు’. అప్పటికీ తగ్గకపోతే ‘ఇంజెక్టర్లు’. రోగి బతుకుతాడు, బిల్లు మాత్రం చంపుతుంది. రెండోది ఓ గంట ఓపిక పట్టి, ఒక్కో అనుమానాన్నీ కొట్టేసుకుంటూ వెళ్లేది. మంచి మెకానిక్‌ని గుర్తుపట్టడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. అతను స్పానర్ పట్టుకునే ముందు ప్రశ్నలడుగుతాడు. ఎప్పుడు మిస్ కొడుతోంది, చల్లగా ఉన్నప్పుడా, కాగాకా? ఎత్తు మీదా, నిలబడి ఉన్నప్పుడా? వాన పడిందా? ఈ మధ్య ఎవరైనా బోనెట్ ఎత్తారా?

తర్వాత స్కానర్. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి దాన్ని తగిలిస్తే కారు కంప్యూటర్ తను గమనించిన లోపాన్ని ఓ సంకేతం రూపంలో చెబుతుంది. భారత్ స్టేజ్-4 నిబంధనల్లో భాగంగా మన దేశంలో కార్లకి ఇలాంటి స్వయం పరీక్ష వ్యవస్థ 2010 నుంచి మొదలై, 2013లో రెండో దశకు చేరింది. పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ కొడుతోందని, పి0302 అంటే రెండోదని. పి0300 అయితే ఫలానా అని చెప్పలేనన్నమాట. పి0351, పి0352 లాంటివి కనిపిస్తే ఆ నంబరు కాయిల్‌కి వెళ్లే విద్యుత్ దారిలోనే తేడా ఉందని అర్థం. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్లు ఇప్పుడు మార్కెట్లో తేలిగ్గా దొరుకుతున్నాయి. కొనుక్కున్నా నష్టం లేదు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ‘పి0302 వచ్చింది కాబట్టి రెండో కాయిల్ పోయింది’ అనుకుంటారు. కంప్యూటర్ ఆ మాట అనలేదు! రెండో సిలిండర్‌లో మంట సరిగ్గా రావడం లేదంది, అంతే. కారణం కాయిల్ కావచ్చు, ప్లగ్గు కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు, వాల్వు కాలి కంప్రెషన్ పోయి ఉండవచ్చు, చిలుము పట్టిన పిన్ను కావచ్చు. జ్వరం వచ్చిందని థర్మామీటర్ చెబుతుంది. మలేరియానా, టైఫాయిడా అన్నది రక్తపరీక్షే తేల్చాలి.

ఆ రక్తపరీక్ష చాలా చవక. పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఆపి, చల్లారాక రెండో సిలిండర్ కాయిల్‌ని తీసి మూడో సిలిండర్ మీద పెట్టండి. మూడో దాన్ని రెండో దాని మీద. తారుమారు కాకుండా ముందే మార్కర్‌తో అంకెలు వేసుకోవాలి. పాత సంకేతాన్ని చెరిపేసి మళ్లీ కారు నడపండి. ఊరికే గుమ్మం ముందు తిప్పితే చాలదు. లోపం బయటపడే పరిస్థితే కల్పించాలి. విశాఖలో అందుకు సింహాచలం ఘాట్ రోడ్డు ఉండనే ఉంది. కాగిన ఇంజిన్‌తో ఆ ఎత్తు మీద కాస్త గట్టిగా తొక్కితే దాగిన రోగం బయటపడుతుంది. ఇప్పుడు స్కానర్ పి0303 చూపించిందా? మిస్ కాయిల్‌తో పాటే మూడో సిలిండర్‌కి వలస వెళ్లింది. దొంగ దొరికాడు, కొత్త కాయిల్ కొనండి. మళ్లీ పి0302 అనే చూపించిందా? కాయిల్ నిర్దోషి. ఈసారి ప్లగ్గుల్ని అటూఇటూ మార్చి చూడాలి. అప్పటికీ రెండోదే అంటే వైరింగు, ఇంజెక్టరు, చివరికి కంప్రెషన్.

మల్టీమీటర్ పెట్టి కాయిల్ నిరోధం కొలిచే పద్ధతి ఒకటుంది. పాత డబ్బా కాయిల్‌కి అది బాగా పనికొచ్చేది. ఇప్పటి కాయిళ్లు చాలావాటిలో ఎలక్ట్రానిక్ స్విచ్ కూడా లోపలే ఉంటుంది కాబట్టి కొలత దొరకదు, దొరికినా నమ్మలేం. చల్లగా బల్ల మీదున్నప్పుడు ‘సరే’ అన్న కాయిలే కాగాక మొండికేయవచ్చు. కళ్లతో చూడటం మాత్రం మానొద్దు. తొడుగు మీద సన్నని నల్లటి గీత, ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు మరక కనిపిస్తే కరెంటు ఆ దారిన పారిపోతోందని గుర్తు.

ఇంజిన్ నడుస్తుండగానే కాయిల్ ఊడపీకి చూసే అలవాటు కొందరికింకా ఉంది. పాత ప్లగ్ వైర్ల కాలంలో చెల్లింది. ఇప్పుడు అది ప్రమాదం. ముప్పై వేల వోల్టులు చేతిలోంచి దారి వెతుక్కుంటాయి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లయితే నడుస్తున్న ఇంజిన్ మీదికి వంగకపోవడమే మంచిది. దారి దొరకని ఆ కరెంటు కాయిల్‌లోని ఎలక్ట్రానిక్ స్విచ్‌నీ, ఒక్కోసారి కంప్యూటర్‌నీ కాల్చేస్తుంది కూడా.

‘ముందు పరీక్షించు, తర్వాత మార్చు’ అన్నది షెడ్డు నీతి మాత్రమే కాదు, కంపెనీలూ పాటించేదే. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపం కారణంగా మన దేశంతో పాటు మరికొన్ని దేశాల్లో 2,36,966 మోటార్‌సైకిళ్లను వెనక్కి పిలిచింది. బండి మిస్ కొట్టడం, చురుకు తగ్గడం, అరుదుగా షార్ట్ సర్క్యూట్... ఇవీ అనుమానాలు. పిలిచింది అన్నింటినీ. కాయిల్ మార్చాల్సి వచ్చేవి మాత్రం పది శాతం కూడా ఉండవన్నది అప్పట్లో కంపెనీ వేసిన అంచనా.

దీపం కొట్టుకుంటుంటే...

‘ఎలాగూ నడుస్తోంది కదా, జీతం వచ్చాక చూద్దాం’ అనుకునేవాళ్లున్నారు. ఖరీదైన పొరపాటు ఇదే. మెరుపు లేని సిలిండర్‌లో పెట్రోలు కాలదు. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి వెళ్తుంది. అక్కడ కెటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. ప్లాటినం, పెల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత పూసిన తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె అది. విషవాయువుల్ని శుభ్రం చేయడం దాని పని. పచ్చి పెట్రోలు వచ్చిపడితే ఆ తేనెపట్టులోనే మండుతుంది. వేడి హద్దు దాటి, పింగాణీ కరిగి, పొగ పోయే దారే మూసుకుపోతుంది. కాయిల్ ఖర్చు వేలల్లో ఉంటే కన్వర్టర్‌ది పదుల వేలల్లో!

చెక్ ఇంజిన్ దీపం నిలకడగా వెలిగితే ‘వీలు చూసుకుని మెకానిక్‌కి చూపించు’ అని. ఆగి ఆగి కొట్టుకుంటే ‘కన్వర్టర్‌కి చేటు జరుగుతోంది, వెంటనే తగ్గు’ అని. ఘాట్‌లో అలా కొట్టుకుంటే యాక్సిలరేటర్ వదిలి, వెనకొచ్చే వాహనాల్ని చూసుకుంటూ సురక్షితమైన చోట పక్కకి ఆపాలి. ఎండుగడ్డి మీద మాత్రం ఆపొద్దు. కింద ఎర్రగా కాగిన కన్వర్టర్‌కి గడ్డి అంటుకోవచ్చు. మిస్ కొట్టే బండితో లారీలని ఓవర్‌టేక్ చేసే సాహసం అసలే వద్దు. సరిగ్గా కావాల్సిన క్షణంలో బలం అందదు.

డీజిల్ కారున్నవారు ఇక్కడిదాకా చదివి కంగారు పడనక్కర్లేదు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గూ ఉండదు, కాయిలూ ఉండదు. గాలిని విపరీతంగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. అది కుదుపులిస్తే కారణాలు వేరు. డీజిల్ బండికి ‘కాయిల్ మార్చాలి’ అని ఎవరైనా అంటే మాత్రం తాళంచెవి తీసుకుని బయటికొచ్చేయండి!

మార్చడం ఇలా...

తేలిందనుకుందాం, కాయిలే పోయింది. ఇక మార్చడం. చేతి పనుల మీద ఆసక్తి ఉన్నవారు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయాలి. పైనున్న ప్లాస్టిక్ మూత తీస్తే వరసగా కాయిళ్లు కనిపిస్తాయి. కొన్ని కార్లలో గాలిగొట్టం కూడా విప్పాల్సి వస్తుంది. ముందు కనెక్టర్. దాని గొళ్లెం ఎండకీ వేడికీ పెళుసెక్కి ఉంటుంది, బలంగా నొక్కితే పుటుక్కుమంటుంది. నిదానంగా నొక్కి లాగాలి, తీగ పట్టుకుని కాదు. తర్వాత ఒకే ఒక్క బోల్టు, చాలా కార్లకి పది నంబరు స్పానర్ సరిపోతుంది. కాయిల్‌ని కొద్దిగా అటూఇటూ తిప్పి నిటారుగా పైకి లాగితే వచ్చేస్తుంది. గుంతలో ఆయిలు, నీరు, ఇసుక ఉన్నాయేమో టార్చ్ వేసి చూడాలి. ప్లగ్గు కూడా విప్పేటట్టయితే ముందే గాలి కొట్టి శుభ్రం చేయాలి. లేకుంటే ఆ ఇసుకంతా సిలిండర్‌లోకే!

ప్లగ్గు బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ తల అల్యూమినియంది, మర అడ్డంగా పడితే బాగు చేయడం కాయిల్ కంటే పెద్ద ఖర్చు. ఎంత బిగువుగా తిప్పాలో కారుతో ఇచ్చే పుస్తకంలోనో, సర్వీస్ సెంటర్‌లోనో తెలుస్తుంది. కొత్త కాయిల్ రబ్బరు తొడుగు లోపల సిలికాన్ గ్రీజు కాస్త రాస్తే చెమ్మ దూరదు, ఈసారి తీసేటప్పుడు అతుక్కుపోదు. కాయిల్ లోపలికి దిగి కూర్చున్నట్టు చేతికి తెలియాలి. బోల్టు మామూలుగా బిగిస్తే చాలు, కండబలం చూపించే చోటు కాదిది. కనెక్టర్ టిక్కుమనే దాకా నొక్కాలి.

ఒకటి పోతే నాలుగూ మార్చాలా? షెడ్డుల్లో ఎప్పుడూ నడిచే వాదన ఇది. మార్చమనేవారి మాటలో కొంత నిజముంది. నాలుగూ ఒకే రోజు పనిలో చేరాయి, ఒకే వేడిలో మగ్గాయి. కానీ బాగున్న మూడింటిని తీసి పారేయడం మధ్యతరగతి జేబుకి అనవసరపు భారమే. పోయినదాన్ని మార్చి, ప్లగ్గులు మాత్రం పాతవైతే మొత్తం సెట్టు మార్చడం మేలు. కొద్ది నెలల తేడాలో రెండో కాయిలూ మొరాయిస్తే అప్పుడు మిగతావాటి గురించి ఆలోచించొచ్చు. అన్నీ మార్పించుకున్నవారు పనిచేస్తున్న పాతదొకటి డిక్కీలో దాచుకుంటే ఘాట్‌లో అక్కరకొస్తుంది.

కొనేటప్పుడు పాత కాయిల్ మీద ఉన్న పార్ట్ నంబరు చూసి కొనాలి. చూడటానికి ఒకేలా ఉన్నా లోపలి స్విచ్ వేరేది కావచ్చు. పేరున్న కంపెనీ డబ్బాలో వచ్చే నకిలీల బెడద ఈ భాగానికీ ఉంది. ధర మరీ చవకగా ఉంటే అనుమానించాల్సిందే. బిల్లు అడగండి, పాత కాయిల్ కూడా అడిగి తీసుకోండి. నిజంగా మార్చారని అదే సాక్ష్యం.

అమర్చాక స్టార్ట్ చేసి, దీపం ఆరిందని సంబరపడి డబ్బులిచ్చేయకండి. స్కానర్‌తో సంకేతం చెరిపేస్తే ఎలాగూ దీపం ఆరుతుంది. బండి కాగేదాకా ఓ ఇరవై నిమిషాలు నడిపి, ఎత్తు మీద పై గేరులో తక్కువ వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ మెల్లగా నిండా తొక్కి చూడాలి. కుదుపు లేదు, దీపం లేదు, స్కానర్‌లో కొత్త సంకేతం లేదు అంటే పని అయినట్టే. బ్యాటరీ తీగ తీసి పెట్టారు కాబట్టి గడియారం, రేడియో స్టేషన్లు మళ్లీ సరిచేసుకోవాల్సి రావచ్చు. మొదటి రోజు నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ వేగం కాస్త అటూఇటూ అయినా కంగారు పడొద్దు. కంప్యూటర్ తన పాఠాలు మళ్లీ నేర్చుకుంటూ ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది.